స్విచ్చు ఎత్తును ఎవరు నిర్ణయిస్తున్నారు?

కొత్త అపార్టుమెంట్లలో వికలాంగులకు ఏం సదుపాయాలున్నాయని అడిగితే బిల్డర్లు సాధారణంగా గేటు దగ్గరి ర్యాంపును, లిఫ్టును చూపిస్తారు. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి ఆ ర్యాంపు ఎక్కి, లిఫ్టులో పైకి చేరి, ఫ్లాటులోకి వచ్చాక తనంతట తాను లైటు వేసుకోగలడా, గీజరు కట్టేసుకోగలడా అన్నది ఎవరూ అడగరు. మున్సిపాలిటీకి సమర్పించే ప్లాన్‌లో సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదిలే ఖాళీ), అంతస్తుల ఎత్తు, పార్కింగు చూపిస్తారు గానీ, స్విచ్ బోర్డు నేల నుంచి ఎంత ఎత్తున ఉండాలన్నది చివరికి గోడ మీద గీత గీసే వైర్‌మన్‌కే వదిలేస్తారు. ఆయన చేతికి అలవాటైన కొలత ఆయనది: నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తున బోర్డు, అడుగు లోపే కింది ప్లగ్ పాయింటు, ఏసీ స్విచ్చు ఏడడుగుల దగ్గర, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీల పెట్టె తలుపు పైన. ఆరోగ్యంగా నిలబడగలిగిన మగవాడికి తప్ప ఈ కొలతలు ఎవరికీ పూర్తిగా సరిపోవు. ఐదడుగుల ఇల్లాలు కూడా ఏసీ స్విచ్చు కోసం స్టూలు వెతుక్కోవలసిందే.

కూర్చున్న మనిషి చేయి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అందుతుందన్నది ఊహించవలసిన విషయం కాదు. అమెరికాలో వికలాంగుల చట్టం కింద 1991లో వచ్చిన ప్రమాణాలు, పక్క నుంచి చేయి చాపేటప్పుడు 9 నుంచి 54 అంగుళాల దాకా అనుమతించాయి. 2010 ప్రమాణాలు దాన్ని 15 నుంచి 48 అంగుళాలకు, అంటే సుమారు 380 నుంచి 1220 మిల్లీమీటర్లకు కుదించాయి. పొట్టివారికి, చేయి పైకెత్తలేనివారికి 54 అంగుళాలు అందవు. బ్రిటన్ 1999 నుంచి కొత్త ఇళ్లలో స్విచ్చులు, సాకెట్లు 450 నుంచి 1200 మిల్లీమీటర్ల మధ్యే ఉండాలంటోంది; చక్రాల కుర్చీ వాడేవారి కోసం ప్రత్యేకంగా కట్టే ఇళ్లలో ఆ పరిధి 700 నుంచి 1000కి తగ్గుతుంది. మనం అనుసరించదగినది ఈ రెండో కొలతేనని నా అభిప్రాయం, ఎందుకంటే మన 16 ఆంపియర్ల ప్లగ్గును సాకెట్లోంచి లాగడానికి బలం కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు అడుగు ఎత్తుకు వంగి ఆ పని చేయడం కష్టమే గాక ప్రమాదం కూడా.

అయితే ఎత్తు ఒక్కటీ సరిచేస్తే పని పూర్తికాదు, దగ్గరికి చేరగలగడం కూడా అంతే ముఖ్యం. గది మూలకు ఆనించి పెట్టిన బోర్డు సరైన ఎత్తులోనే ఉన్నా, కుర్చీ పాదపీఠం ముందుగా గోడకు తగిలి మనిషి బోర్డుకు దూరంగానే ఆగిపోతాడు. అందుకే బ్రిటన్ చక్రాల కుర్చీ ఇళ్లలో మూల నుంచి 700 మిల్లీమీటర్ల దూరం కూడా నిర్దేశించింది. మన వంటిళ్లలో ఈ సమస్య మరింత ముదురుతుంది. రెండడుగుల వెడల్పు గట్టు, దాని కింద కాళ్లు పెట్టుకోవడానికి చోటు లేకుండా అలమరలు, గట్టు వెనక గోడకు మిక్సీ ప్లగ్గు. అక్కడ ఎత్తు ఎంతైనా కుర్చీలోని మనిషికి ఆ ప్లగ్గు అందదు. గట్టు ముందు అంచున గానీ పక్క గోడకు గానీ ఒక పాయింటు ఇస్తే సరిపోయేదానికి ఇంటి యజమానులు తర్వాత ఎక్స్‌టెన్షన్ వైర్లు వేలాడదీస్తుంటారు. చూపు లేనివారికి కావలసింది ఇంకోటి: ప్రతి గదిలోనూ తలుపు గడియ వైపున, ఒకే ఎత్తులో బోర్డు ఉండటం.

ఇవన్నీ మన దేశంలో ఎవరికీ తెలియని సంగతులు కావు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి, కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్గదర్శకాలు స్విచ్చులు చేతికందే ఎత్తులో ఉండాలనే చెబుతున్నాయి. లోపం వాటి హోదాలో ఉంది. వికలాంగులకు అందుబాటు సదుపాయాల కోసం రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబర్ 8న తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు సరిగ్గా ఈ విషయమే పట్టుకుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం తప్పనిసరి అన్నదాన్ని 2017 నిబంధనల్లోని 15(1) కేవలం సలహా స్థాయికి దించిందని, కాబట్టి అది చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు ఆధారమైన అధ్యయనం హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రానిది. ర్యాంపు, మరుగుదొడ్డి ఎటూ ఆ కనీస జాబితాలో చేరతాయి. స్విచ్చు ఎత్తు చిన్న విషయమని సలహాల వైపే మిగిలిపోతుందేమోనన్నది నా అనుమానం. నిజానికి తప్పనిసరి చేయడానికి ఇంతకంటే తేలికైన అంశం లేదు: ర్యాంపుకు స్థలం కావాలి, లిఫ్టుకు డబ్బు కావాలి, స్విచ్చును సుమారు అడుగు కిందికి దించడానికి రెండూ అక్కర్లేదు.

పిల్లలు వేళ్లు పెడతారన్న అభ్యంతరం వెంటనే వస్తుంది. ఆ భయం నిజమైనదే, కానీ దానికి మందు ఎత్తు కాదు. 1947లో వచ్చిన బ్రిటిష్ ప్రమాణంలోనే సాకెట్ రంధ్రాలకు లోపలి నుంచి మూత ఉండాలన్నారు. అలాంటి షట్టరు సాకెట్లు ఇప్పుడు మన దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. కరెంటు లీకేజీ 30 మిల్లీఆంపియర్లు దాటకముందే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చులూ ఉన్నాయి. పైగా అడుగు ఎత్తున ఉన్న కింది ప్లగ్గు ఇప్పటికే పాకే పిల్లల ఎదుటే ఉందన్నది ఈ వాదన చేసేవారు మరచిపోతారు. కింది ప్లగ్గును 700 మిల్లీమీటర్లకు ఎత్తితే వరద విషయంలోనూ కొంత మేలే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు నిలిచిన విజయవాడ సింగ్‌నగర్‌లాంటి చోట్ల ఆ ఎత్తు కూడా చాలదు గానీ, వానాకాలంలో మోకాళ్లలోతు లోపు నీళ్లు చేరే ఇళ్లు మన నగరాల్లో ఎన్నో ఉన్నాయి.

ఇక అమలు. రాసే నిబంధన ఎత్తును టైల్స్ పరిచాక వచ్చే నేల నుంచి కొలవాలని స్పష్టంగా చెప్పాలి. వైర్‌మన్ గీత గీసే నాటికి నేల ఇంకా కాంక్రీటు శ్లాబే. దాని మీద మట్టమూ టైల్సూ పడితే కొలత రెండు మూడు అంగుళాలు మారుతుంది. తనిఖీ కూడా ఇంట్లో చేరడానికి అనుమతినిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రోజున కాక, గోడలకు గాళ్లు కొట్టి పెట్టెలు బిగించాక, ప్లాస్టరింగ్ కంటే ముందు జరగాలి. ఆ దశలో పెట్టె జరపడం ఒక పూట పని. రంగులు వేశాక అదే పనికి గోడ పగలగొట్టాలి, అందుకు ఏ బిల్డరూ ఒప్పుకోడు.