ముందు తాత్సారం, చివర తొందర

వేసవి సెలవులిస్తే చాలు, బెంగళూరు తెలుగువాళ్ళ కార్లు గోకర్ణకో కూర్గుకో గోవాకో బయల్దేరతాయి. అక్కడ పదహారేళ్ళ పిల్లాడు సాయంత్రం గది దాటి వెళ్ళి, మూడోనాడు రాళ్ళ మధ్య శవమై దొరికితే, ఏం జరిగిందో తేలక ఇంటిల్లిపాదీ జీవితాంతం కుమిలిపోతారు. విధిరాత అని సర్దిచెబుతాం. అన్నిసార్లూ విధిది కాదు తప్పు. జవాబు చెప్పగలిగిన ఆధారాలను చాలాసార్లు మన చేతులతో మనమే పోగొట్టుకుంటాం.

మొదటి తాత్సారం పరువు కోసం. "స్నేహితులతో ఉంటాడులే, తెల్లారేసరికి వస్తాడు" అనుకుంటూ రాత్రి గడిపేస్తారు. 24 గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు కనబడకపోతే ఎఫ్ఐఆర్ రాయాలనీ, అపహరణో అక్రమ రవాణానో జరిగిందన్న అనుమానంతోనే వెతకాలనీ సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. "మా పరిధి కాదు" అన్న మాటా చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేరాల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 173వ సెక్షన్ ఆ అడ్డు తీసేసింది. ముందు 112కు, ఆ వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మనవాళ్ళకు అసలు చిక్కు భాషతో. కర్ణాటకలో ఫిర్యాదు కన్నడంలో రాస్తారు, కంగారులో మనం సంతకం పెట్టేస్తాం. "ఇంట్లో గొడవపడి వెళ్ళాడు" అన్న ఒక్క ముక్క అందులో పడిందా, దర్యాప్తంతా ఆ దారే పడుతుంది. చదివి వినిపించమని అడగండి, అది మీ హక్కు. కాపీకి పైసా కట్టక్కర్లేదు.

ఇక ఫోను. చుట్టాలందరూ వంతులేసుకుని రింగులిస్తే బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఒక్కరే, ఎడం ఇచ్చి ప్రయత్నించాలి. పాస్‌వర్డులు మార్చకండి, ఖాతాల్లోంచి లాగౌట్ చేయకండి. ఫోను పెట్టె మీదున్న 15 అంకెల ఐఎంఈఐ (ఆ ఫోను గుర్తింపు) నంబరు పోలీసులకివ్వండి. హోటల్ సీసీ కెమెరా రికార్డరు డిస్కు నిండగానే పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. కొన్నిచోట్ల రెండు వారాలైనా నిలవదు. దాని గడియారం పది నిమిషాలు అటూ ఇటూ ఉండటం మామూలే. తెర మీది టైమూ మీ ఫోన్ టైమూ ఒకే ఫొటోలో పడేలా తీయండి.

గది ఖాళీ చేసి సామాన్లు సర్దేయకండి. కుదుళ్ళతో ఊడిన వెంట్రుకలున్న దువ్వెన, టూత్‌బ్రష్ డీఎన్ఏకి పనికొస్తాయి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మపట్టి బూజొస్తుంది, కాగితం కవరే మంచిది.

నీళ్ళలో దొరికినంత మాత్రాన మునిగిపోయాడని కాదు. ఊపిరి ఉండగా మునిగితే, నీళ్ళలో బతికే డయాటమ్‌లనే సూక్ష్మజీవుల గాజులాంటి పెంకులు నెత్తుటితోపాటు తొడ ఎముక మూలుగదాకా చేరవచ్చు. పోల్చిచూడాలంటే ఆ చోటి నీళ్ళు సీసాలో పట్టి ఉంచాలి. ఈ పరీక్షా తిరుగులేనిదేం కాదు, అయినా నీళ్ళే లేకపోతే పోల్చేదేముంది? విషపరీక్షకు పంపే కాలేయం, మూత్రపిండం ముక్కలు చిక్కటి ఉప్పునీళ్ళలో ఉండాలి, ఫార్మలిన్ (శరీర భాగాలు చెడకుండా వాడే రసాయనం) తగిలితే ఆ పరీక్ష చెడుతుంది. ఈ కోరికలన్నీ పోస్ట్‌మార్టానికి ముందే దర్యాప్తు అధికారికి రాసివ్వండి.

తొందర ఇక్కడే. ఊరికి తీసుకెళ్ళాలి, కార్యక్రమాలు జరిపించాలి అంటూ పెద్దలు పట్టుబడతారు. అనుమానం మిగిలితే దహనం కన్నా ఖననమే మేలు. పాతిపెడితే మేజిస్ట్రేటు ఆదేశంతో మళ్ళీ తీయవచ్చు, బూడిదని ఎవరూ ప్రశ్నించలేరు. పెళ్ళికాని పిల్లల్ని ఖననం చేసే ఆచారం మనలో చాలా ఇళ్ళలో ఉన్నదే.

కర్ణాటకలో ఇలాంటి మరణం యూడీఆర్ (అసహజ మరణ నివేదిక) నంబరుతో మొదలవుతుంది. ల్యాబు రిపోర్టు నెలల తర్వాత వస్తే, తుది అభిప్రాయానికి దాన్ని డాక్టరు దగ్గరికి పంపాలి. అడిగేవాళ్ళు లేకపోతే అది స్టేషన్‌లోనే ఆగిపోతుంది. ఆ నంబరు పట్టుకుని నెలకోసారి ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి. పిల్లాడి తల్లిదండ్రులకు ఆ ఓపిక ఉండదు, అందుకే మేనమామో బాబాయో ఆ పని నెత్తినేసుకోవాలి.