ఆనపకాయలు అద్దెకివ్వబడును

(టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఫ్రిస్కో. ఏప్రిల్ మొదటి వారం. ఇంటి వెనక పెరడు. కంచె వారగా ఓ స్తంభం, దానికి వేలాడుతున్న తెల్లటి ప్లాస్టిక్ ఆనపకాయలు, ఒక్కోదానికి ఒక చిన్న గుమ్మం. పై కమ్మీ మీద రెండు ప్లాస్టిక్ పిట్టలు. రాజమండ్రి నుంచి ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన అన్నపూర్ణమ్మ వాటిని తలెత్తి చూస్తోంది. కొడుకు శ్రీను లోపల వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాడు. అందులో హోమ్ పాలే ఎక్కువ.)

అమ్మ: ఒరేయ్ శ్రీనూ! ఇలా రా. నీ పిట్ట పోయిందిరా!

శ్రీను: (పరిగెత్తుకొస్తూ) ఏంటి, వచ్చిందా?

అమ్మ: రావడం కాదురా, పోయింది. చూడు, తలకిందులుగా వేలాడుతోంది.

శ్రీను: అది బొమ్మమ్మా! రాత్రి గాలికి క్లిప్పు తిరిగిపోయుంటుంది.

అమ్మ: బొమ్మని నాకు తెలుసు. వచ్చే పిట్టకి తెలియాలిగా. మనింట్లో వడియాలు ఎండబెడితే మీ నాన్నమ్మ చచ్చిన కాకిని కర్రకి కట్టేది, గుర్తుందా? ఎందుకు కట్టేది?

శ్రీను: కాకులు రాకూడదని.

అమ్మ: మరి నువ్వెందుకు కట్టావు?

శ్రీను: పిట్టలు రావాలని!

అమ్మ: శుభం.

శ్రీను: ఇది వేరమ్మా. పర్పుల్ మార్టిన్‌లు గుంపుగా కాపురం చేసే పక్షులు. గోకవరం బస్టాండు దగ్గర రెండు హోటళ్ళున్నాయనుకో. ఒకదాంట్లో జనం కిటకిటలాడుతున్నారు, ఇంకోదాంట్లో ఈగలు తోలుకుంటున్నారు. నువ్వు దేంట్లోకి వెళ్తావు?

అమ్మ: నేను హోటల్‌కే వెళ్ళను.

శ్రీను: నాన్న వెళ్తాడుగా! జనం ఉన్నదాంట్లోకే వెళ్తాడు. అలాగే ఆల్రెడీ రెండు పిట్టలు కాపురం ఉన్నట్టు కనిపిస్తే, పైన ఎగిరే పిట్ట కిందకి దిగి చూస్తుంది. దాన్ని దింపడానికే ఈ డికాయ్‌లు. ఆ నల్లటిది మగది, బూడిదరంగు పొట్టది ఆడది.

అమ్మ: హోటల్లో జనం తింటూ ఉంటారు, మాట్లాడుకుంటూ ఉంటారు. వీళ్ళు ఉలకరు, పలకరు. ఆలుమగలై ఉండి రెండు నెలల్నుంచి ఒక్క మాట లేదు. అలాంటి కొంపలోకి ఎవరు దిగుతారు?

శ్రీను: అందుకేగా పాట కూడా పెడుతున్నాను!

అమ్మ: ఆ మాట నువ్వే ఎత్తావు, మంచిదైంది. తెల్లారకుండానే ఫోన్లో దేవుడి పాట పెట్టుకుంటానంటే, పక్కవాళ్ళు ఏమైనా అనుకుంటారమ్మా అన్నావు. మరి నాలుగున్నరకి పెరట్లో స్పీకర్ పెట్టి ఆ గరగరలు, కిరకిరలు మోగిస్తే పక్కవాళ్ళు దండాలు పెడుతున్నారా?

శ్రీను: సౌండ్ తగ్గించే పెడుతున్నానమ్మా. పెద్ద మగపిట్టలు తెల్లారకముందే పైకెగిరి అలాగే పాడతాయి. ఇక్కడ కాలనీ ఉందోయ్ అని చెప్పడం. అది విని కుర్రపిట్టలు వస్తాయి. రికార్డింగు కూడా ఆ వేళకే పెట్టాలి. మిట్టమధ్యాహ్నం పెడితే లాభం లేదు.

అమ్మ: కుర్రవే ఎందుకు రావాలి? పెద్దవి రావా?

శ్రీను: పెద్దవి బ్రెజిల్ నుంచి ఫిబ్రవరికే దిగిపోతాయి. కానీ అవి కిందటేడు పిల్లల్ని పెంచిన చోటికే నేరుగా పోతాయి. మనలాంటి కొత్తింటికి వచ్చేవి కిందటేడు పుట్టిన కుర్రవే. వాటికింకా సొంత చోటు ఉండదు. మార్చి ఆఖర్నుంచి వాటి రాక మొదలవుతుంది.

అమ్మ: అంటే పెద్దవాళ్ళెలాగూ మోసపోరు కాబట్టి, లోకం తెలియని కుర్రాళ్ళని బుట్టలో వేద్దామని చూస్తున్నావన్నమాట.

శ్రీను: మోసమేముందమ్మా, ఫ్రీగా ఇల్లిస్తున్నాను! ఈ గూళ్ళు పెట్టేవాళ్ళని ఇక్కడ ల్యాండ్‌లార్డ్ అంటారు తెలుసా?

అమ్మ: అద్దె రాని ఓనరు! మీ నాన్నకి చెబితే మురిసిపోతారు. ఆ రెండు బొమ్మలూ ఎంతరా?

శ్రీను: డాలర్లలో అడక్కు.

అమ్మ: ప్లాస్టిక్ ఆనపకాయలో?

శ్రీను: వాటి సంగతి అసలే అడక్కు.

అమ్మ: అక్కడ పందిరి కింద నిరుటి ఆనపకాయ ఎండి బుర్రైపోయి పడుంది. కోడలు పారేద్దామంటే నేనే విత్తనానికని ఆపాను. దానికో కన్నం పొడిస్తే పోయేదానికి, చైనావాడి దగ్గర ఆనపకాయ కొన్న మగాణ్ణి నిన్నే చూశాను.

శ్రీను: నిజం చెప్పాలంటే మొదట్లో అదే పద్ధతమ్మా. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ చోక్టా, చికసా జాతులవాళ్ళు ఎండిన బుర్రలే గుంజలకి కట్టేవాళ్ళు. ఈ పిట్ట అలా మనుషులకి అలవాటు పడిపోయింది. ఇప్పుడు రాకీ పర్వతాలకి తూర్పున దాదాపు అన్నీ మనం పెట్టిన గూళ్ళలోనే పిల్లల్ని చేస్తాయి. చెట్టు తొర్రల మాటే మర్చిపోయాయి.

అమ్మ: అడవిలో ఉండే జాతివాళ్ళకి తెలిసింది, ఆనప పాదు పెట్టే మీ అమ్మకి తెలిసింది, ఎమ్మెస్ చేసిన నీకు తెలియలేదు.

శ్రీను: గుమ్మం చూడు ముందు. అర్ధచంద్రాకారం! ఎత్తు ఒక అంగుళం మీద మూడు పదహారో వంతులు. అంతకి కొంచెం పెరిగితే స్టార్లింగ్ అనే దొంగపిట్ట దూరిపోతుంది. తగ్గితే మార్టిన్ పట్టదు. కన్నం పొడవడం అంటే మాటలు కాదు.

అమ్మ: మనిల్లు కట్టినప్పుడు సిద్ధాంతిగారు కూడా పదహారో వంతు దాకా పోలేదు. సరే, ఇంత చేస్తే అది దోమల్ని తింటుందా, లేదా? కోడలికి దోమలు పోతాయని చెప్పే కదా కొన్నావు?

శ్రీను: (గొంతు తగ్గించి) నెమ్మదిగా అమ్మా... తను లోపలే ఉంది.

అమ్మ: అంటే తినదా!

శ్రీను: ఎప్పుడైనా ఒకటీ అరా. ఇది పగలు బాగా ఎత్తులో ఎగురుతూ తూనీగల్నీ, పెద్ద పురుగుల్నీ పడుతుంది. దోమలేమో సాయంత్రం అయ్యాక మన కాళ్ళ దగ్గర తిరుగుతాయి. రెండింటికీ వేళ కుదరదు. రోజుకి 2,000 దోమలు తింటుందనే మాట 1960ల్లో పుట్టింది. ఇల్లినాయ్‌లో గ్రిగ్స్‌విల్ అనే ఊళ్ళో ఒకాయన అల్యూమినియం గూళ్ళు తయారుచేసి అమ్మేవాడు. ఆయన చేసిన ప్రచారం అది.

అమ్మ: అమ్ముకునేవాడు చెప్పాడు సరే. తెలిసుండీ నువ్వు కోడలికి ఎందుకు చెప్పావు?

శ్రీను: నేనూ కొనిపించుకోవాలిగా!

(స్తంభం మీదికి ఓ పిచ్చుక వచ్చింది. తిన్నగా ఉన్న మగ బొమ్మ నెత్తిమీద కూర్చుని, ముక్కుని ఇటోసారి అటోసారి దాని బుర్రకే తుడుచుకుంది. తర్వాత కిందకి దిగి గడ్డిలో ఏదో ఏరుకోసాగింది.)

శ్రీను: అదిగో, మళ్ళీ వచ్చింది! పొద్దున్నే దాని గూడు పీకి పారేశాను. గంటలో మళ్ళీ గడ్డి తెచ్చిపెట్టింది. అసలు ఇన్ని పిచ్చుకలు మన పెరట్లోకే ఎందుకొస్తున్నాయో... (కిందికి వంగి) అమ్మా, ఈ గడ్డిలో తెల్లగా ఏంటివి?

అమ్మ: ఏవీ?

శ్రీను: నూకలు.

అమ్మ: ఎవరేశారో మరి.

శ్రీను: ఫ్రిస్కోలో నా పెరట్లోకి వచ్చి సోనామసూరి నూకలు చల్లి పోయేవాళ్ళు ఎవరుంటారమ్మా!

అమ్మ: వేశానురా, వేస్తాను. మనూళ్ళో సంక్రాంతికి వరికంకులు కుచ్చుగా అల్లి గుమ్మానికి కట్టేది పిచ్చుకల కోసమే. ఆ కుచ్చు కింద పెరిగినవాడివి, దాని గూడు పీకుతావా? గుడ్లున్నాయేమో కూడా చూడకుండా! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

శ్రీను: నేనేం బాణాలు వెయ్యట్లేదు. ఇక్కడిది కాదమ్మా ఇది! 1851లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలారు. ఆ స్టార్లింగ్‌లని 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వదిలారు. ఈ రెండూ మార్టిన్‌ల గూళ్ళలో దూరి గుడ్లు పొడిచేస్తాయి. మార్టిన్‌కి 1918 నాటి చట్టం రక్షణ ఉంది. ఈ పిచ్చుకకి లేదు.

అమ్మ: 1851లో వచ్చిందా?

శ్రీను: ఆ.

అమ్మ: అంటే అది వచ్చి 170 ఏళ్ళు దాటింది. దాన్ని పట్టుకుని ఇక్కడిది కాదు పొమ్మంటున్నాడు, గ్రీన్ కార్డు కోసం క్యూలో కూర్చున్నవాడు!

శ్రీను: (కాసేపు మాటల్లేవు) అది వేరు.

అమ్మ: నీకు అన్నీ వేరే. మరి ఆ పిట్ట బ్రెజిల్ నుంచి వస్తే దానికి వేలిముద్రలు, ఇంటర్వ్యూ ఏమీ లేవా? నాకు మాత్రం, తిరిగి వెళ్తావని రుజువేంటమ్మా అన్నారు.

శ్రీను: జూలై దాటాక అవే వెళ్ళిపోతాయమ్మా. పంపక్కర్లేదు.

అమ్మ: నా టిక్కెట్టూ జూలైకే తీశావుగా. నన్ను రప్పించడానికి మాత్రం ఏ బొమ్మా పెట్టలేదు. ఉత్తి ఫోన్ కాల్‌తోనే వచ్చేశాను, తెలివితక్కువదాన్ని.

శ్రీను: అబ్బా! మొన్న నీకు గారెలు కూడా తెప్పించాను.

అమ్మ: ఫ్రోజెన్‌వి! ఫ్రిజ్‌లో గుడ్ల దగ్గర నీ చేత్తో ఏదో రాసి అంటించావు, అవి పిట్టలకటగా?

శ్రీను: చలి గాలొస్తే పురుగులు ఎగరవు, వీటికి తిండి దొరకదు. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మంచు పడ్డప్పుడు చాలా చచ్చిపోయాయి. అలాంటప్పుడు ల్యాండ్‌లార్డులు గుడ్డు పొరటు చేసి, చల్లార్చి, చెంచాతో గాల్లోకి ఎగరేస్తారు. పిట్టలు పట్టుకుని తింటాయి. పెంకులు కూడా పారెయ్యకూడదు, కాల్షియం కోసం నలగ్గొట్టి పెట్టాలి.

అమ్మ: నేను రెండో గుడ్డు అడిగితే కొలెస్ట్రాల్ అన్నావు! పిట్టకి పొరటు చేసి గాల్లోకి ఎగరేస్తావా?

(ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను: న్యాయం అమ్మ వైపే ఉంది.)

శ్రీను: అసలు అవి రావాలి కదా, పొరటు మాట తర్వాత. బొమ్మలు పెట్టాను, పాట పెట్టాను, తెల్లరంగు గూళ్ళు పెట్టాను. ఎందుకు రావట్లేదో తెలియట్లేదు.

అమ్మ: (పక్కింటివాళ్ళ ఓక్ చెట్టు కింద నిలబడి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి స్తంభం వైపు అడుగులో అడుగు వేస్తూ) ...పదహారు, పదిహేడు. ఇంతే. చెట్టుకి ఇంత దగ్గరగా పెడితే ఎలారా? గద్ద ఆ కొమ్మ మీద కూర్చుంటే పిట్టకి కనబడుతుందా? ఎగిరి దిగడానికి దారేది? నీ పుస్తకంలో ఏం రాశారు?

శ్రీను: (నసుగుతూ) చెట్లకి కనీసం 40 అడుగులు ఎడం ఉండాలని.

అమ్మ: ఇంటికో?

శ్రీను: ఇంటికి 30 నుంచి 120 అడుగుల లోపల. మనుషుల దగ్గరుంటేనే వాటికి ధైర్యం.

అమ్మ: పుస్తకం చదివి, బొమ్మలు కొని, స్తంభం తీసుకెళ్ళి చెట్టు చాటున పాతావు! చోటు బాగోకపోతే బొమ్మలు ఎన్ని పెడితే ఏం లాభం?

శ్రీను: ఖాళీ ఉన్నది పెరడు మధ్యలోనే. అక్కడ నీ పందిరుంది.

అమ్మ: నా పందిరి మొన్నటిది. స్తంభం ఫిబ్రవరిది.

శ్రీను: అప్పుడక్కడ బార్బెక్యూ ఉండేదిలే. ఇప్పుడు మాత్రం నీ పందిరే అడ్డం.

అమ్మ: స్తంభం మధ్యలో పాతుకో. దాని మీదికే పాదు పాకిస్తాను. కింద ప్లాస్టిక్ కాయలకి పైన అసలు కాయలు.

శ్రీను: వద్దమ్మా బాబూ! తీగ పాకిందంటే దాన్ని పట్టుకుని ర్యాట్ స్నేక్ ఎక్కేస్తుంది. రకూన్ కూడా. అందుకే కదా స్తంభానికి ఆ రేకు గొట్టం తొడిగాను.

అమ్మ: అంటే నా ఆనప పాదు కంచెకి పోవాలన్నమాట, ఎవరి కోసమో... ఒరేయ్.

శ్రీను: ఏంటి?

అమ్మ: బొమ్మలు ఎన్ని కొన్నావు?

శ్రీను: రెండు.

అమ్మ: మరి అక్కడ మూడు కనిపిస్తున్నాయేంటి?

(ఇద్దరూ తలెత్తారు. తలకిందులుగా వేలాడుతున్న బొమ్మ పక్కన ఓ పిట్ట కూర్చుని, మెడ వంచి దాన్నే చూస్తోంది. ఛాతీ బూడిదరంగు. గొంతు కింద అక్కడక్కడ ముదురు నీలం ఈకలు.)

శ్రీను: (గుసగుసగా) కుర్రాడమ్మా! కిందటేడు పుట్టిన మగది! కదలకు, కదలకు!

అమ్మ: పరామర్శకి వచ్చినట్టుంది.

శ్రీను: ష్! ఫోటో... ఫోటో... (ఫోన్ తీసి జూమ్ చేసి) అబ్బ, ఏం మెరుస్తోందమ్మా! ఎంత బాగా పోజిచ్చిందో చూడు, అసలు కదలట్లేదు!

అమ్మ: నువ్వు తీసేది బొమ్మనిరా. అది ఇందాకే ఆనపకాయ దగ్గరికి దిగింది. గుమ్మంలోకి తొంగిచూస్తోంది. నీళ్ళొస్తాయో లేదో కనుక్కుంటోందేమో.

(గుమ్మంలోంచి గడ్డిపరక కరుచుకున్న ఓ పిచ్చుక తల బయటికొచ్చి ఫటేల్మని పొడిచింది. మార్టిన్ గిర్రున తిరిగి పక్కింటి కప్పు మీదుగా వెళ్ళిపోయింది.)

అమ్మ: (చీపురు ఎత్తి) ఛీ! దిగు! దిగు కిందకి! ఇల్లు చూడ్డానికొచ్చిన పిల్లాణ్ణి తరిమేస్తావా? గ్రీన్ కార్డు ఉంటే మాత్రం కబ్జా చేసేస్తావా!

శ్రీను: అమ్మా, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం...

అమ్మ: నోరుముయ్యి. నూకలు రేపట్నుంచి వీధి గుమ్మం వైపు వేస్తాను. పందిరి నేనే పీకుతాను. నువ్వెళ్ళి గునపం తే. అది మళ్ళీ వచ్చేలోపు స్తంభం మధ్యలోకి రావాలి.

శ్రీను: ఇప్పుడా? నాకు పదకొండుకి మీటింగుందమ్మా! కెమెరా ఆన్ చెయ్యాలి!

అమ్మ: ఆ కుర్చీలో ఓ బొమ్మని కూర్చోబెట్టి రా.