చిన్న గదులకు భౌతికశాస్త్రం నుంచి మినహాయింపు ఇవ్వాలి

ఖరీదైన స్టూడియో మానిటర్లు, అంటే పాటలు మిక్స్ చేయడానికి వాడే స్పీకర్లు, కొన్నవాళ్లకు జరుగుతున్న అన్యాయం గురించి ఇంతవరకు ఎవరూ నోరు విప్పలేదు. నెలల తరబడి రివ్యూలు చదివి, గ్రాఫులు బట్టీపట్టి, ఇంట్లోవాళ్లకు సగం ధరే చెప్పి ఒక మనిషి స్పీకర్ల జత తెచ్చుకుంటాడు. మూడు మీటర్ల గదిలో టేబుల్ మీద పెట్టి పాట వేస్తాడు. బాస్ గిటార్‌లో ఒక స్వరం కిటికీలు అదిరేలా మోగుతుంది. దాని పక్క స్వరం ఉందో లేదో కూడా తెలీదు. తప్పెవరిది? స్పీకర్‌ది కాదు, అంత డబ్బు పోశాక దానిదెలా అవుతుంది? కొన్నవాడిది అంతకన్నా కాదు. ఇక మిగిలింది ధ్వని ఒక్కటే.

దాని మీద నా అభియోగాలు ఇవి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. గది మూడు మీటర్లేనని తెలిసినా అంగుళం తగ్గదు. పైగా ఎదురెదురు గోడల మధ్య 57 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగమై తిష్ఠ వేస్తుంది. గది నలుచదరమైతే పొడవు, వెడల్పు రెండూ కూడబలుక్కుని ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుంటాయి. సరిగ్గా నట్టనడుమ కూర్చున్నవాడికి అది దాదాపు మాయం, మూలన కూర్చున్నవాడికి వీరంగం. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఇక్కడ మద్దెల బ్రహ్మాండంగా ఉంది, ఓడు రంగస్థలమే.

వెనక గోడ సంగతి మరీ ఘోరం. స్పీకర్ ముందుభాగం దానికి మీటరు దూరంలో ఉంటే, గోడకు తగిలి తిరిగొచ్చిన ధ్వని 86 హెర్ట్జ్ చుట్టుపక్కల అసలు ధ్వనిని కొట్టేస్తుంది. స్పీకర్‌ను గోడకు దగ్గరగా జరిపితే ఆ దెబ్బ పై ఫ్రీక్వెన్సీలకు జరుగుతుంది, కింద మాత్రం బాస్, అంటే మంద్ర శబ్దం, ఉబ్బిపోతుంది. ఉబ్బు తగ్గించడానికి చాలా మానిటర్ల వెనక బుల్లి స్విచ్ ఇస్తారు. దాన్ని ముట్టుకోవడం మా వర్గంలో అవమానం. ఫ్యాక్టరీ నుంచి ఫ్లాట్‌గా, అంటే అన్ని స్వరాలూ సమంగా పలికేలా, వచ్చిన వస్తువును ఎవరైనా గెలుకుతారా?

సైజు గురించి కూడా కొందరు నసుగుతారు. మూడు డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు) ఉన్న పెద్ద పెట్టెకు మరీ దగ్గరగా కూర్చుంటే సన్నని స్వరాలు పలికే ట్వీటర్ శబ్దం, మంద్ర స్వరాలు పలికే వూఫర్ శబ్దం కలవవని, కుర్చీ కాస్త దించితే గాయని గొంతే మారిపోతుందని వీళ్ల వాదన. అయితే కుర్చీ దించకండి. 1970లలో బీబీసీ ఇంజినీర్లు అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్ల లాంటి ఇరుకు చోట్ల కోసం ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్ చేశారు. అంటే చోటు ఎంతుందో ముందు చూసి, పెట్టె సంగతి తర్వాత ఆలోచించారు. ఇంతకన్నా ఆత్మగౌరవం లేని పని ఉంటుందా? 1978లో ఇళ్లలో పాటలు వినడానికని యమహా తెచ్చిన ఎన్‌ఎస్-10 స్పీకర్ కథ ఇంకా పరువు తక్కువ. అది తర్వాత స్టూడియోల్లో కాపురం పెట్టింది. ట్వీటర్ చెవుల్లో గుచ్చుతోందని ఇంజినీర్లు దానికి టిష్యూ పేపర్ అడ్డం అంటించి, ఆ పేపర్ చాటు నుంచే హిట్లు మిక్స్ చేశారు. కొత్తగా కొనేవాళ్ల ఎదుట ఈ కథ ఎత్తకూడదు.

ఇక టేబుల్. దాని మీద ఒక అద్దం పడుకోబెట్టి, మీరు కూర్చునే చోటు నుంచి చూడండి. అద్దంలో ట్వీటర్ ఎక్కడ కనిపించిందో సరిగ్గా అక్కడ తగిలి ఇంకో శబ్దం మీ చెవికి వస్తోంది, నేరుగా వచ్చినదాని కన్నా ఒక్క పిసరు ఆలస్యంగా. రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను పెంచుతాయి, కొన్నిటిని చంపుతాయి. స్పీకర్లను టేబుల్ వెనక స్టాండ్ల మీద పెట్టి, ట్వీటర్‌ను చెవి ఎత్తుకు తెచ్చి, మీ తలతో కలిపి సమబాహు త్రిభుజం గీయమంటారు నిపుణులు. జామెట్రీ వద్దనుకునే కదా సంగీతంలోకి వచ్చాం! మేం మాత్రం గోడకు అంగుళం ఫోమ్ అంటిస్తాం. అది పై శబ్దాలను మింగేసి బాస్‌ను గౌరవంగా వదిలేస్తుంది. బాస్‌కు అడుగు మందం గ్లాస్‌వూల్ లాంటిది కావాలట, అంత మందం పెడితే ఫొటోలో స్పీకర్లు కనిపించవు.

రూమ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్ కూడా కొన్నాం. మైక్ పెట్టి కొలిచి, ఉబ్బిన చోట నిజంగానే తగ్గిస్తుంది. కానీ తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట ఎంత పెంచినా గోడ నుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది, ఆంప్లిఫయర్ ఆయాసపడటం తప్ప ఫలితం సున్నా.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది స్పీకర్లు కనబడకుండా అడ్డం కట్టే తెర. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు ధ్వని పరిశోధకులు 1994లో ఒక పరిశోధన ప్రకటించారు. కళ్లతో చూస్తూ విన్నప్పుడు స్పీకర్లకు పడిన మార్కులు, చూడకుండా విన్నప్పుడు పడిన మార్కులు వేరువేరుగా ఉన్నాయి. అందుకే చిన్న గదులకు మినహాయింపుతో పాటు, వినే గదుల్లో తెరలను వెంటనే నిషేధించాలని కూడా కోరుతున్నాం.

ఈలోగా కొందరు ద్రోహులు పాట వేసి, కుర్చీని కాస్త ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ, బాస్ సమంగా వినిపించిన చోట ఆగిపోతున్నారు. అదే పాత స్పీకర్లతో. ఖర్చు లేదు, అన్‌బాక్సింగ్ వీడియో కూడా లేదు.