కూలిపోయే హక్కును కాపాడుకుందాం

కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టే ఓపెన్ సోర్స్ వీడియో ఎడిటర్లు మాటిమాటికీ క్రాష్ అవుతున్నాయనీ, కొత్త ఫీచర్లు కాసేపు ఆపి ఉన్నవాటిని నిలబెట్టమనీ ఈమధ్య కొందరు గోల చేస్తున్నారు. ఇది ప్రమాదకరమైన ధోరణి. మొగ్గలోనే తుంచెయ్యాలి.

నేను వాడే ఎడిటర్‌నే తీసుకోండి, పేరెందుకులెండి. టైమ్‌లైన్ మీద ఒక క్లిప్‌ను అర సెకను ఇటు జరపబోతాను. తెర మీద ఏమీ ఉండదు. మళ్లీ తెరిస్తే, 'ఆటోసేవ్ అయిన ఫైలు ఉంది, తెచ్చుకుంటారా?' అని ఒక చిన్న పెట్టె అడుగుతుంది. ఎంత మర్యాద! ఇన్నేళ్లలో ఒక్కసారైనా క్రాష్ కానిది ఆ పెట్టె ఒక్కటే. ఆ ప్రోగ్రాములో అన్నిటికంటే ఎక్కువసార్లు పరీక్షకు నిలిచిందీ అదే. రేపు నిజంగా నిలకడ వచ్చిపడితే పాపం దాని గతేం కావాలి?

పైగా ఒక ఎడిటర్ కూలడమంటే ఒంటిచేత్తో అయ్యే పని కాదు. కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఫ్లోబ్లేడ్ అనే ఎడిటర్లకు ముఖాలు మూడు, లోపల నడిపించే ఇంజిన్ మాత్రం ఒక్కటే, ఎంఎల్‌టీ. ఫైళ్లు విప్పడానికి దాని కింద ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. ఎఫెక్టుల కోసం తగిలించే చిన్న ప్రోగ్రాములు, అంటే ప్లగిన్లేమో, ఎప్పుడో ఎవరెవరో రాసి పెట్టినవి. ఒక ప్లగిన్ తనది కాని మెమరీలో వేలు పెడితే మొత్తం ఎడిటరే మునుగుతుంది, అందరూ ఎక్కింది ఒకే పడవ మరి. ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనుల్లో ఒకటి, అంటే ఒక థ్రెడ్, క్లిప్పుల చిన్న బొమ్మలు (థంబ్‌నెయిల్స్) గీస్తూ ఉంటుంది, ఇంకోటి రాబోయే ఫ్రేములు విప్పుతూ ఉంటుంది, సరిగ్గా అప్పుడే మీరు ఆ క్లిప్‌ను డిలీట్ చేస్తారు. ఒకరు చదువుతున్న కాగితాన్ని ఇంకొకరు లాక్కుని చింపినట్టు. సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ అయితే ఏమీ జరగదు. అందుకే కోడ్ రాసినాయన కంప్యూటర్లో అది ఎప్పుడూ జరగదు. 'వరసగా ఏమేం చేస్తే వచ్చిందండీ?' అని ఆయన అడుగుతాడు. 'నేనేం చెయ్యలేదండీ, ఊరికే చూస్తూ కూర్చున్నా' అని మనం జవాబిస్తాం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

వాడుక సౌలభ్యం అడిగేవాళ్లు ఇంకో రకం. సినెలెరా అనే ఎడిటర్ తన బటన్లు తనే గీసుకుంటుంది, ఏ డెస్క్‌టాప్‌తోనూ దానికి చుట్టరికం లేదు. కష్టపడి నేర్చుకున్నవాడు ఇక చచ్చినా వేరేదానికి మారడు. వాడుకరిని నిలుపుకోవడమంటే అదీ.

బగ్గులు, అంటే కోడ్‌లోని తప్పులు, మితిమీరినప్పుడు పెద్దలు చెప్పే మందు ఒకటుంది: మొత్తం మళ్లీ రాయడం. 2019 ఏప్రిల్‌లో వచ్చిన కేడెన్‌లైవ్ 19.04లో 60 శాతానికి పైగా కోడ్ మారిపోయింది. పాత బగ్గులు ఇల్లు ఖాళీ చేశాయి. కొత్తవి దిగాయి. వాటిని పంపడం తర్వాతి వెర్షన్ల పని. ఆలివ్ అనే ఎడిటర్ అయితే అదే ఏడాది ఆల్ఫాగా, అంటే ఇంకా తయారవుతున్న తొలి రూపంగా వచ్చి, జనం 'భలే' అనేలోపే తిరగరాతకు కూర్చుంది. పిటివి అనే ఇంకో ఎడిటర్ 2014లో, ముందు నిలకడే ముఖ్యమంటూ 1.0 అనే తొలి పూర్తి వెర్షన్ కోసం చందాలు అడిగింది. 2020లో వచ్చిన వెర్షన్ పేరు 2020.09. ఒకటి అడిగినవాళ్లకు రెండు వేల ఇరవై ఇచ్చారు, ఇంకా ఏడుస్తారేం?

ఇంతకీ నిలకడకున్న అసలు జబ్బు, అది కంటికి కనపడకపోవడం. ఒక క్లిప్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు వేసే హంగు, కొత్త ట్రాన్సిషన్, వస్తే దాని మీద వీడియో చెయ్యొచ్చు. 'పది గంటలు పనిచేశాను, ఏమీ కాలేదు' అని వీడియో చేస్తే ఎవడు చూస్తాడు? జీతం లేకుండా, రాత్రిపూట, నిద్ర మానుకుని కోడ్ రాసేవాడికి దొరికేది ఆ నాలుగు చప్పట్లే. అవి కూడా ఫీచర్‌కే.

నా సంగతీ చెప్పేస్తా. ఒకసారి నా ఎడిటర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. ప్రకటన నిండా బగ్గుల సవరణలే. 'ఈసారి ఏమీ లేదు' అనుకుని అప్‌డేట్ చేసుకోలేదు. ఈ ప్రాజెక్టు చచ్చిపోయిందేమో అని ఇద్దరు మిత్రుల దగ్గర విచారం కూడా వ్యక్తం చేశాను. ఆ వారమే పాతది కూలింది. చూసుకుంటే, దాన్ని కూల్చింది కొత్త వెర్షన్ సరిచేసిన బగ్గుల్లో మూడోది. అయినా తిట్టడం మానలేదు. వాడుకరిగా అది నా హక్కు.

కాబట్టి డెవలపర్లకు నా మనవి ఒక్కటే. నిలకడ జోలికి పోకండి. ఆ ఆటోసేవ్ పెట్టె ఉంది చూశారూ, అది మరీ టక్కున ఊడిపడుతోంది. దానికొక ట్రాన్సిషన్ పెట్టండి. డిజాల్వ్ అయినా సరే.