ట్యాంక్‌బండ్‌కు ఒక ఫీడ్లర్ కావాలి

మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిట్లో కీబోర్డు, ప్యాడ్స్, ఇద్దరు గాయకులు, పెద్ద పెద్ద స్పీకర్లు. చిక్కడపల్లిలో మా వీధి చివర ఏటా పెట్టేవాళ్లు, అమ్మ వచ్చి చెయ్యి పట్టి లాక్కెళ్లేదాకా నేను అక్కణ్నుంచి కదిలే రకం కాదు. ఆ ఆర్కెస్ట్రా అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ వయొలిన్లు, చెల్లోలు, ఫ్లూట్లు, ట్రంపెట్లు పట్టుకుని ఎనభై మంది ఒకేసారి వాయిస్తుంటే మైకు లేకుండా ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉంటారు? ఆసక్తి లేక వినలేదంటే ఒప్పుకోను. ఇళయరాజా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ఆ వయొలిన్ల కోసమే పాటను వెనక్కి తిప్పి మళ్లీ పెట్టుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. 2025 మార్చి 8న ఆయన లండన్‌లో సింఫనీ, అంటే ఇలాంటి పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన సుదీర్ఘ రచన, వినిపించినప్పుడు మనవాళ్లు ఎంత పొంగిపోయారో చూశాం. చెవులు ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి, వెళ్లి కూర్చోవడానికే చోటు లేదు.

ఇలా అనుకున్నప్పుడల్లా నాకు చేతిలో చిన్న కర్రతో ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ఆర్థర్ ఫీడ్లర్ గుర్తొస్తారు.

1894 డిసెంబర్ 17న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. తండ్రి బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ విద్వాంసుడు. కొడుకు బెర్లిన్‌లో సంగీతం చదువుకుంటూ ఉండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది, 1915లో తిరిగొచ్చి తండ్రి వాయించిన ఆర్కెస్ట్రాలోనే చేరారు. వయొలిన్, వయోలా, పియానో, ఆర్గన్, తాళవాద్యాలు, ఏది అవసరమైతే అది వాయించారు. అంటే కర్ర పట్టుకుని నిలబడకముందు చాలా ఏళ్లు వెనక వరసల్లో కూర్చుని జనాన్ని గమనించిన మనిషి.

ఆయన గమనించింది ఏమిటంటే, హాల్లో ఎప్పుడూ అవే ముఖాలు. మంచి బట్టలు, టికెట్ డబ్బులు, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలిసిన మర్యాద ఉన్నవాళ్లే లోపలికి వస్తున్నారు. దీని బాధ నాకూ కొంచెం తెలుసు. చిన్నప్పుడు ఒకసారి నాన్నతో కలిసి మన ఊళ్లోనే ఒక హాలుకు కచేరీ వినడానికి వెళ్తే పాసులున్నవాళ్లకే అని గేటు దగ్గరే ఆపేశారు. సగం కుర్చీలు ఖాళీగా ఉండటం బయటినుంచే కనిపిస్తోంది. నాన్న ఏమీ అనలేదు, వెనక్కి వచ్చేశాం, ఆయన మళ్లీ ఏ హాలుకూ రానన్నారు.

ఫీడ్లర్ ఆ గేటునే తీసేయాలనుకున్నారు. చార్లెస్ నది ఒడ్డున, ఆరుబయట, టికెట్ లేకుండా సింఫనీ వాద్యకారుల చేత కచేరీలు చేయించాలని పట్టుబట్టి, చందాలు పోగుచేసి, అనుమతుల కోసం తిరిగి, చివరికి 1929 జులై 4న మొదటి కచేరీ చేశారు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. అదే ఏడాది అక్టోబర్‌లో షేర్ మార్కెట్ కూలి దేశమంతా ఉద్యోగాలు పోవడం మొదలైంది. డబ్బులు పెట్టి ఏదీ కొనలేని రోజుల్లో ఊరి జనానికి ఏటా వేసవిలో నది ఒడ్డు మిగిలింది.

మరుసటి ఏడాది, 1930లో, బోస్టన్ పాప్స్ బాధ్యత ఆయన చేతికొచ్చింది. బోస్టన్ సింఫనీ వాద్యకారులే తేలిక సంగీతం వాయించే ఈ పాప్స్ 1885లోనే మొదలైంది. సింఫనీ సీజన్ అయిపోయాక వాద్యకారులకు వేసవిలో పని ఉండాలి, జనానికి కాస్త తేలికైన సంగీతం కావాలి, అందుకని హాల్లో కుర్చీల వరసలు తీసేసి బల్లలు వేస్తారు, తింటూ తాగుతూ వినొచ్చు. ఫీడ్లర్‌కు ముందు దాన్ని నడిపిన ఇటలీ స్వరకర్త అల్‌ఫ్రెడో కసెల్లా కార్యక్రమాలను బరువెక్కించారు, జనం పలచబడ్డారు. ఫీడ్లర్ కార్యక్రమాన్ని మూడు భాగాలు చేశారు. మొదట తేలికపాటి శాస్త్రీయ రచనలు, మధ్యలో ఒక సోలో విద్వాంసుడితో పెద్ద రచన, ఆఖర్న అందరికీ తెలిసిన పాటలు. కర్ణాటక కచేరీ వినేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అరియకుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరిచిన పద్ధతిలో వర్ణం, కృతులు, ప్రధాన కృతి అయ్యాక తుక్కడాలు, అంటే చిన్న చిన్న తేలికపాటి పాటలు, ఉంటాయి కదా. తుక్కడాల కోసం వచ్చినవాడు కూడా అందాకా కూర్చుంటాడు, ఆ కూర్చోవడంలోనే కాంభోజి రాగం చెవిన పడుతుంది.

గంభీర సంగీతం వాళ్లు ఫీడ్లర్‌ను కొంచెం తక్కువగానే చూశారు. బ్రిటన్ రాక్ బృందం బీటిల్స్ పాటను సింఫనీ వాద్యాల మీద వాయిస్తే (1964లో నిజంగానే రికార్డు చేశారు) అది సంగీతాన్ని చవక చేయడమే అన్నది వాళ్ల అభ్యంతరం. నేను ఒప్పుకోను. పాట తేలికదే కావచ్చు, వాయింపు మాత్రం అంతే శ్రుతిశుద్ధంగా ఉంది, వాయించింది కూడా బోస్టన్ సింఫనీ వాద్యకారులే. 1935లో ఆయన రికార్డు చేసిన ఒక డానిష్ టాంగో నృత్య బాణీ పది లక్షలకు పైగా అమ్ముడైంది, అది కొన్నవాళ్లందరూ అంతకుముందు సింఫనీ హాలు మెట్లెక్కినవాళ్లేనా? మన రేడియో భక్తిరంజని కూడా ఇదే పని చేసింది. పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ తత్వాలు, అష్టపదులు, బాలమురళి గొంతు విన్న అమ్మలకు రాగం పేరు తెలియకపోవచ్చు, కానీ స్వరం పక్కకు జరిగితే ఇట్టే పట్టేస్తారు.

దాదాపు యాభై ఏళ్లు ఫీడ్లర్ పాప్స్ బాధ్యతలోనే ఉన్నారు. 1976 జులై 4న, అమెరికా రెండు వందల ఏళ్ల పండుగ నాడు, ఆ నది ఒడ్డున ఆయన కచేరీకి సుమారు 4 లక్షల మంది వచ్చారు. 1979 జులై 10న, 84 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఇక మన సంగతి. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేస్తే కుటుంబాలకు కుటుంబాలు వచ్చి రోడ్డు మీదే కూర్చున్నాయి. చోటు ఇస్తే ఈ ఊరు వస్తుందనడానికి వేరే రుజువు అక్కర్లేదు. వాద్యకారులు కొరతే, నిజం. ఇప్పుడు మన పెద్ద సినిమాల వయొలిన్ భాగాలను యూరప్ ఆర్కెస్ట్రాల చేత వాయించుకుంటున్నారు. కానీ ముంబైలో 2006 నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా నడుస్తోంది, చెన్నైలో సినిమా రికార్డింగులకు దశాబ్దాలు వాయించిన చేతులు ఉన్నాయి. ఏడాదికి మూడు సాయంత్రాల కోసం వాళ్లను పిలిపించడం, ప్రభుత్వాలు ఒక్కో ఉత్సవానికి పెట్టే ఖర్చు ముందు ఎంత?

మొదటి సాయంత్రం జనవరిలో పెట్టండి, వాన భయం ఉండదు. నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజాలో జంపఖానాలు పరచండి, ముందు వరసలో సోఫాలు వద్దు, శాలువాలు వద్దు, ఉపన్యాసాలు అసలే వద్దు. మొదట పావుగంట ఒక పాశ్చాత్య రచన. తర్వాత మన వయొలిన్ విద్వాంసుడు ఒకరు ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చుని త్యాగరాజ కృతి. ఆఖర్న సినిమా పాటల్లోని వాద్యాల భాగాలు మాత్రమే, గాయకులు లేకుండా. పల్లవి దగ్గర మాటలు జనమే అందుకుంటారు.