బుగ్గ బిగించమని నా దగ్గరికి రాకండి

నేను మిర్యాలగూడలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ట్రాక్టరు, లారీ, డీసీఎం, అంబులెన్సు, కారు, ఏ బండి కరెంటు పని అయినా చేస్తాను. ఒక్క పని మాత్రం చేయను. సొంత కారు గ్రిల్లు వెనక ఎరుపు, నీలం ఫ్లాషర్లు, బానెట్ కింద పోలీసు సైరను బిగించమంటే బిగించను. ఈ మధ్య ఇలా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, కాదంటే కోపం తెచ్చుకునేవాళ్లూ ఎక్కువయ్యారు. "పైసలిస్తుంటే నీకేం నొప్పి అన్నా?" అంటున్నారు. నొప్పి ఉంది. అదేందో, దాంతో పాటు వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీల సంగతీ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. బుగ్గ, అంటే కారు మీద తిరిగే ఎర్ర లైటు, పెద్దవాళ్లకు ఉంటుంది, మనకే ఉండదని చాలామంది ఇంకా అనుకుంటున్నారు. పెద్దవాళ్లకూ లేదు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎర్ర బుగ్గల వాడకాన్ని బాగా కుదించింది. 2017 మే 1 నుంచి కేంద్రం ప్రధాని, రాష్ట్రపతి కార్లతో సహా అందరి కార్ల మీద నుంచీ బుగ్గ తీసేయించింది. ఎరుపు, నీలం, తెలుపు కలిసి మెరిసే లైట్లు ఇప్పుడు ఎమర్జెన్సీ డ్యూటీ బండ్లకే: పోలీసు, ఫైరింజను, శాంతిభద్రతల డ్యూటీలో ఉన్న సైన్యం, పారామిలిటరీ, విపత్తు సహాయం. పేషెంట్లను మోసే అంబులెన్సు సంగతి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో విడిగా రాసి ఉంది. ఆ నిబంధన నంబరు కూడా 108 కావడం విచిత్రం. అందులోనే డాక్టరు బండి గురించి ఒక ముక్క ఉంది. ఏడు వాట్లు దాటని బల్బు, ఊదారంగు గాజు, దాని మీద తెల్ల క్రాసు గుర్తు, అంతవరకే అనుమతి. ప్రాణం మీదికొచ్చిన మనిషి దగ్గరికి పోయే డాక్టరుకే ఏడు వాట్లు చాలన్నారు. అలాంటప్పుడు ఎంపీపీ గారి బావమరిదికి వంద వాట్ల సైరను ఏ లెక్కన కావాలి?

చట్టం ఒకవైపు. నా బాధ ఇంకోటి. 2005 ఆగస్టు 15న 108 మొదలై తర్వాత మన జిల్లాలకు వచ్చినప్పటి నుంచి జనానికి ఒక మంచి అలవాటు పడింది. కుయ్ కుయ్ మని వినపడితే చాలు, ఎడ్లబండి మనిషి కూడా పక్కకు జరిగేవాడు. ఎవరూ నేర్పలేదు. ఆ బండిలో ఎవరి తల్లో, ఎవరి బిడ్డో ఉన్నారని ఎవరికి వాళ్లే అనుకున్నారు. దారి ఇవ్వకపోతే పదివేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ అని 2019లో చట్టానికి సవరణ తెచ్చారు గానీ, మన దగ్గర జనం జరిగింది జరిమానాకు భయపడి కాదు. లైటు మీద నమ్మకంతో జరిగారు.

ఆ నమ్మకాన్నే ఇప్పుడు తినేస్తున్నారు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర ఎలా ఉంటుందో విజయవాడ రోడ్డు మీద తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రద్దీలో వెనక నుంచి ఫ్లాషర్లు వేసుకుని, సైరను కొట్టుకుంటూ ఒక పెద్ద కారు వస్తుంది. అందరూ కిందామీదా పడి జరుగుతారు. తీరా చూస్తే లోపల నలుగురు పోరగాళ్లు, డ్యాష్‌బోర్డు మీద పార్టీ కండువా. ఆ వెనకే ఇంకోటి. మూడోసారి వచ్చేది సూర్యాపేట నుంచో మా మిర్యాలగూడ నుంచో హైదరాబాదుకు గుండెనొప్పి పేషెంటును తీసుకుపోయే బండి అయితే, అప్పటికే రెండుసార్లు మోసపోయిన మనిషి అద్దంలో చూసి "వీడూ అంతే" అనుకుని కదలడు. నా షాపుకు వచ్చే అంబులెన్సు డ్రైవర్లు ఇదే చెప్తున్నారు. మునుపటిలా జరగట్లేదన్నా అని. మీ కారులో వెలిగే ఆ లైటుకు వాట్లు మీ బ్యాటరీ ఇస్తుంది, విలువ మాత్రం అంబులెన్సు నుంచి కోసుకొచ్చిందే.

మా ఎలక్ట్రీషియన్లతో కూడా ఒక మాట. "నేను కాకపోతే పక్క షాపోడు బిగిస్తాడు" అంటారు. బిగిస్తే బిగించనీ. పక్క షాపులో ఎలా బిగిస్తున్నారో ఆ బండ్లు తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు చూస్తూనే ఉన్నాను. హెడ్‌లైటు వైరు మీద తోలు గీకి, దానికి ఇంకో సన్న వైరు చుట్టి, నల్ల టేపు వేసి వదిలేస్తారు. ఫ్యూజు ఉండదు, చిన్న స్విచ్చు తరఫున పెద్ద కరెంటును మోసే రిలే ఉండదు. ఇంజను వేడికి ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది, రాగి బయటపడుతుంది, ఏదో ఒక రోజు బాడీకి తగులుతుంది. అది దొంగ ఫ్లాషర్ల కారయితే వాళ్ల ఖర్మ అని ఊరుకోవచ్చు. కానీ ఇదే చేత్తో, ఇదే పద్ధతిలో చిన్న వ్యాన్లను అంబులెన్సులుగా మారుస్తున్నారు. వెనక ఆక్సిజన్ సిలిండరు ఉన్న బండి అది. ఆక్సిజన్ తనంత తాను మండదు గానీ, పక్కన చిన్న నిప్పురవ్వ ఉంటే దాన్ని క్షణాల్లో పెద్ద మంట చేస్తుంది. కదల్లేని మనిషి స్ట్రెచర్ మీద బెల్టులతో కట్టేసి ఉంటాడు. ఈ మాట రాస్తుంటేనే నాకు చేతులు వణుకుతున్నాయి.

అందుకే అంబులెన్సు ఓనర్లు ఈ ముక్కలు గుర్తుపెట్టుకుని పని దగ్గర నిలబడి చేయించుకోండి. పైన లైట్‌బార్ అరవై వాట్లనుకుందాం. పన్నెండు వోల్టుల మీద అయిదు ఆంపియర్లు. వంద వాట్ల సైరను ఎనిమిది దాకా లాగుతుంది. రెండూ కలిపి పదమూడు. ఇంత కరెంటును డ్యాష్‌బోర్డులో ఉన్న చిన్న స్విచ్చు గుండా పంపితే స్విచ్చు కరుగుతుంది. స్విచ్చు రిలేను లేపాలి, రిలే లోడును మోయాలి. రిలే మీద నంబర్లు ఉంటాయి. 85, 86 కాయిల్‌వి, స్విచ్చు నుంచి వచ్చే సన్న వైరు అక్కడికి. 30కి బ్యాటరీ ప్లస్, 87 నుంచి లైటుకు. లైట్లకు ఒకటి, సైరనుకు ఒకటి, రిలే, ఫ్యూజు వేర్వేరుగా పెట్టండి. ఒకటి పోయినా రెండోది బతకాలి.

ఫ్యూజు ఎక్కడ పెట్టారన్నది అన్నింటికన్నా ముఖ్యం. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఉండాలి. చాలామంది లైటు దగ్గర పెడతారు, లైటు కాలిపోకుండా చూడటానికి అన్నట్టు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. బ్యాటరీ నుంచి లైటు దాకా పోయే అన్ని అడుగుల వైరులో ఎక్కడ షార్టయినా ముందు ఫ్యూజే పోవాలంటే, అది మొదట్లోనే ఉండాలి. పోయిన ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే డ్రైవర్లు ఇంకా ఉన్నారు, దయచేసి వాళ్లకు బండి ఇవ్వకండి. వైరు ఇంజను గది నుంచి లోపలికి రేకు గుండా వచ్చే చోట రబ్బరు గ్రొమెట్, అంటే రంధ్రం అంచుకు వేసే రింగు, వేయించండి. అదొక పదిరూపాయల వస్తువు. అది లేక రేకు అంచు వైరును రోజూ కొంచెం కొంచెం కోస్తూనే ఉంటుంది. ఎర్తుకు పెయింటు గీకి, మెరిసే ఇనుము కనపడ్డాక వైరు చివరి లగ్గు బిగించాలి. పెయింటు మీదే బోల్టు తిప్పితే నాలుగు రోజులు వెలిగి, వాన పడ్డప్పుడు సరిగ్గా పనిచేయదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎమర్జెన్సీ లైట్ల మీద ఇంత మోజున్న జిల్లాలో, ట్రాక్టర్ ట్రాలీకి వెనక ఒక్క ఎర్ర బల్బు ఉండదు. వానాకాలం పంటప్పుడు, యాసంగి పంటప్పుడు అద్దంకి రోడ్డు మీద రాత్రి నిలబడి చూడండి. వడ్ల ట్రాలీలు మిల్లుల వైపు వరసగా పోతుంటాయి. నార్కట్‌పల్లి, చిట్యాల దిక్కు జిన్నింగ్ మిల్లులకు పత్తి ట్రాలీలు పోతుంటాయి. పెద్దగట్టు జాతరకూ, మహబూబ్‌నగర్ దిక్కు కురుమూర్తి జాతరకూ ట్రాలీ నిండా మనుషులు, పిల్లలు కూర్చుని రాత్రిపూట పోతారు. వెనక లైటు లేదు, రేడియం లేదు.

ఎనభై స్పీడులో వచ్చే లారీ సెకనుకు ఇరవై రెండు మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, బ్రేకు మీద కాలు వేసేసరికి సెకనున్నర పట్టిందనుకుంటే ముప్పై మూడు మీటర్లు అయిపోయాయి. బ్రేకు పట్టడం ఆ తర్వాతే మొదలవుతుంది. ఎదురుగా బండి వస్తుంటే డిప్ లైటు వేసుకోవాలి, డిప్‌లో లైటు లేని మట్టిరంగు ట్రాలీ కనపడేది యాభై మీటర్ల లోపే. ఎంత మంచి డ్రైవరైనా మిగిలిన ఆ కొన్ని మీటర్లలో లోడు లారీని ఆపలేడు. తాగి నడిపాడు, నిద్రపోయాడు అని మనం లారీ డ్రైవరునే తిడతాం. ట్రాలీకి లైటు ఎందుకు లేదని ఎవరూ అడగరు.

ట్రాలీకి లైట్లు పెట్టించడం కష్టమైన పని కాదు. ట్రాక్టరు వెనక ఏడు పిన్నుల సాకెట్ ఉంటుంది. దుమ్ము పట్టి, తుప్పు పట్టి ఉంటుంది, శుభ్రం చేస్తే చాలావరకు పనిచేస్తుంది. దాని నుంచి టెయిల్, బ్రేకు, రెండు ఇండికేటర్లకు వైర్లు, వాటితో పాటు ఒక ఎర్తు వైరు విడిగా లాగాలి. ఈ ఎర్తు దగ్గరే అందరూ పొదుపు చేస్తారు. హుక్కు ఇనుమే కదా, దాని నుంచే ఎర్తు వస్తుందంటారు. గ్రీజు, తుప్పు నిండిన ఆ పిన్ను గుండా వచ్చే ఎర్తు గుంతలో పడ్డప్పుడల్లా పోతుంది, లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. లైట్లను వెనక డోరు మీద పెట్టొద్దు, వడ్లు దింపేటప్పుడు పగులుతాయి. చాసిస్ లోపలికి ఇనుప పట్టీ గార్డుతో పెట్టాలి. గడ్డి, పత్తి బయటికి ఉబ్బి లైట్లను మూసేస్తాయి కాబట్టి, ఒక చెక్కకు రెండు లైట్లు బిగించి లోడు వెనక తాడుతో వేలాడదీసుకునేలా చేయించుకోవచ్చు. ఎర్ర రేడియం టేపు అదనంగా వేయండి, లైటు బదులు కాదు. వెనక నుంచి వెలుగు పడితేనే అది మెరుస్తుంది. మొత్తం ఖర్చు నా లెక్కలో ట్రాక్టరు ట్యాంకు ఒకసారి నింపినంత కూడా కాదు.

పొలంలో దున్నేటప్పుడు వేసుకునే వెనక ఫోకస్ లైటును రోడ్డెక్కాక ఆర్పేయండి. వెనక నుంచి వచ్చేవాడికి తెల్ల లైటు కనపడితే ఎదురుగా బండి వస్తోందనుకుంటాడు, మీరూ అదే దిక్కు పోతున్నారని వాడికి తెలియదు. కార్లవాళ్లు కూడా నాలుగు ఇండికేటర్లు వేసుకుని వానలో, పొగమంచులో నడపడం, జంక్షన్‌లో నేరుగా పోతున్నామని వేయడం మానండి. అవి ఆగిపోయిన బండికి. అవి వేసుకుని నడిపితే మీరు ఎటు తిరుగుతున్నారో ఎవరికీ తెలియదు.

అధికారులను నేను అడిగేది ఒకటే. చలానాలతో రైతును రోడ్డు మీద ఆపొద్దు. పంట సీజన్‌లో ప్రతి ట్రాలీ వడ్లు కొనే ఐకేపీ సెంటరుకో, మిల్లు గేటుకో, మార్కెట్ యార్డుకో రాక తప్పదు. కాంటా వేసే చోటే వెనక లైటు చూడండి. మొదటిసారి లేకపోతే రేడియం టేపు అక్కడే అంటించి పంపండి, రెండోసారికి లైటు ఉండాలని చెప్పండి. మిల్లర్ల సంఘాలు తలచుకుంటే ఈ యాసంగికే మొదలుపెట్టొచ్చు. మా షాపుల వాళ్లం వంతులవారీగా గేటు దగ్గర కూర్చోవడానికి ముందుకు రావాలి, నేను వస్తాను. సామాను ఖర్చు ఇస్తే చాలు, ట్రాలీకి బిగించే కూలి తీసుకోను.