మునిగేదాకా పచ్చగానే

ప్రాజెక్టులు వాటంతటవే విఫలమవుతాయని లోకంలో ఒక అపోహ ఉంది. అది ప్రాజెక్టుల మీద, అంతకన్నా ముఖ్యంగా వాటిని విఫలం చేయడానికి రాత్రింబవళ్ళు శ్రమించే మేనేజర్ల మీద వేసిన అభాండం. ఒక పనిని ఒక మనిషి పాడు చేయాలంటే ఒక పూట చాలు. కానీ రెండు వందల మంది తెలివైనవాళ్ళు వారం వారం సమీక్షించుకుంటూ, ప్రతి కాగితం మీదా సంతకాలు పెట్టుకుంటూ, పని చెడిపోతున్న సంగతి అందరికీ తెలిసి కూడా ఎవరి నోటా ఆ మాట రాకుండా మూడేళ్ళ పాటు నడిపించుకు రావాలంటే, దానికొక సంస్థ కావాలి, క్రమశిక్షణ కావాలి, అన్నిటికీ మించి ఒక రంగు కావాలి. ఆ రంగు పచ్చ.

ప్రాజెక్టు స్థితిని ఎరుపు, పసుపు, పచ్చ అనే మూడు రంగుల్లో చూపించే పద్ధతి ఇప్పుడు చాలా సంస్థల్లో ఉంది. ఎరుపంటే ప్రమాదం, పసుపంటే జాగ్రత్త, పచ్చంటే అంతా సవ్యం. ఈ పద్ధతి కనిపెట్టినవారికి మనుషుల సంగతి తెలియదు గానీ, కిందిస్థాయి నుంచి పైస్థాయికి ఎక్కే కొద్దీ ఎరుపు వెలిసిపోతుంది. పరీక్షలు చేసే కుర్రవాడు "డేటా బదిలీ పని చేయడం లేదు, కారణం తెలియదు" అని రాస్తాడు. అది టీమ్ లీడ్ దగ్గరికి వెళ్ళేసరికి "డేటా బదిలీలో కొన్ని ఇబ్బందులు గుర్తించాం" అవుతుంది. ప్రాజెక్టు మేనేజరు దాన్ని "డేటా బదిలీ పురోగతిలో ఉంది" అని సవరిస్తాడు. విభాగాధిపతి చేతిలో పడ్డాక "డేటా బదిలీ రంగంలో మన బృందం విలువైన అనుభవం గడించింది" అన్న వాక్యంగా రూపుదాలుస్తుంది. డైరెక్టరుగారి తెరమీదికి వచ్చేటప్పటికి వాక్యం కూడా మిగలదు, గుండ్రని పచ్చ చుక్క ఒక్కటే ఉంటుంది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదని గమనించాలి. ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట మెత్తబరిచారు, అంతే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. పెద్ద అధికారికి ఆ జబ్బు రావలసిన అవసరం లేదు, వారానికొక రిపోర్టు వస్తే సరిపోతుంది.

నేను పనిచేసిన ఒక చోట, కొత్తగా చేరిన ఇంజినీరు ఒకడు అమాయకంగా తన వరుసలో ఎరుపు పెట్టాడు. మేనేజరు కోప్పడలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, తండ్రి కొడుక్కి లోకరీతి చెప్పినంత ప్రేమగా చెప్పాడు.

"ఎరుపు పెడితే ప్రత్యేకంగా మీటింగు పెడతారు బాబూ. మీటింగు పెడితే మాట్లాడవలసింది నువ్వే."

"పోనీ, పసుపు పెట్టమంటారా సార్?"

"పసుపు పెడితే వచ్చే వారం ఏమైందని అడుగుతారు. పచ్చ పెడితే ఎవరూ ఏమీ అడగరు."

కుర్రవాడు కాసేపు ఆలోచించాడు. తెలుగులో పసుపును కూడా పచ్చ అనే అంటాం కదా అని అంతరాత్మకు సర్దిచెప్పుకున్నట్టున్నాడు, రంగు మార్చాడు. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని పెద్దలు చెప్పిన మాట ఆ మేనేజరుకు తెలియక కాదు. ఆదినిష్ఠూరానికీ అంత్యనిష్ఠూరానికీ మధ్య ఒక ప్రమోషన్ ఉంటుందన్న సంగతి ఆ పెద్దలకు తెలియదు. చెడు వార్త ఈ రోజు చెబితే మాటపడేది చెప్పినవాడు. రెండేళ్ళ తర్వాత అది దానంతటదే బయటపడితే, మాటపడేది అప్పుడు ఆ కుర్చీలో ఉన్నవాడు. ఈ రెంటిలో ఏది మేలో తేల్చుకోవడానికి మేనేజ్‌మెంట్ పట్టా అవసరం లేదు.

ఈ విద్య మన కాలంలో పుట్టిందని గర్వపడితే పూర్వులకు అన్యాయం చేసినట్టే. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవు నుంచి వాసా అనే స్వీడన్ యుద్ధనౌక తొలి ప్రయాణానికి బయల్దేరింది. రెండు అంతస్తుల నిండా ఫిరంగులు, ఒళ్ళంతా చెక్కడపు బొమ్మలు. సుమారు 1,300 మీటర్లు వెళ్ళాక ఒక గాలి విసురుకు పక్కకు ఒరిగింది, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్ళు చొరబడ్డాయి, సాగనంపడానికి వచ్చిన జనం కళ్ళెదుటే మునిగిపోయింది. 30 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. పైభాగం బరువు ఎక్కువై, అడుగుభాగం దాన్ని నిలబెట్టలేకపోయిందన్నది సాంకేతిక కారణం. కానీ మేనేజర్లు శ్రద్ధగా చదవవలసిన భాగం అంతకుముందే జరిగింది. ఓడ నిలకడను పరీక్షించడానికి 30 మంది నావికులను పైతట్టు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించారు. మూడు విడతలయ్యేసరికి ఓడ ఎంతగా ఊగిందంటే, ఇంకొక్క విడత పరుగెత్తితే రేవులోనే తిరగబడుతుందని భయపడి అడ్మిరల్ పరీక్ష ఆపించాడు. పరీక్ష ఫలితం ఇంత స్పష్టంగా రావడం చాలా అరుదు. ఆ ఫలితాన్ని బట్టి ఆగిపోయింది మాత్రం ఓడ కాదు, పరీక్ష. ఈనాటి భాషలో చెప్పాలంటే ఆ వారం రిపోర్టులో "నిలకడ పరీక్ష ముగిసింది" అన్న వాక్యం పక్కన పచ్చ చుక్క పడి ఉండేది.

ఓడ తొందరగా కావాలని పట్టుబట్టిన రాజుగారు యుద్ధం మీద దూరదేశంలో ఉన్నారు. కొలతలకు ఆమోదముద్ర వేసిందీ ఆయనే. "ప్రభూ, మీరు ఆమోదించిన ఓడ నిలబడదు" అని ఆయనకు ఉత్తరం రాసే ఉద్యోగం ఎవరి విధుల జాబితాలోనూ లేదు. మునిగాక విచారణ మాత్రం పద్ధతిగా జరిగింది. ఓడను రూపొందించిన ప్రధాన శిల్పి అంతకు ముందు ఏడాదే చనిపోయి ఉండడం అందరికీ కలిసివచ్చింది. తప్పెవరిదని గుచ్చిగుచ్చి అడిగితే, నౌకానిర్మాణశాల గుత్తేదారు దేవుడికే తెలియాలన్నాడు. దేవుణ్ణి విచారణకు పిలిపించే వీలులేదు కనుక ఎవరికీ శిక్ష పడలేదు.

1961లో ఆ ఓడను పైకి తీశాక, అందులో పనివాళ్ళు వాడిన కొలబద్దలు దొరికాయి. కొన్నిటి మీద అడుగుకు 12 అంగుళాలున్నాయి, కొన్నిటి మీద 11. స్వీడన్ అడుగు వేరు, ఆమ్‌స్టర్‌డాం అడుగు వేరు. పాతకాలపు వాళ్ళు కదా అని నవ్వుకోబోయేవారు ఒక్క క్షణం ఆగాలి. వాసా మునిగిన 371 ఏళ్ళకు, 1999 సెప్టెంబరులో, నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్షనౌక అంగారకుడి దగ్గరికి వెళ్ళి మాయమైపోయింది. నౌక తయారుచేసిన సంస్థ సాఫ్ట్‌వేర్ పౌండ్లలో లెక్క ఇస్తే, నాసా వైపు వారు దాన్ని న్యూటన్లుగా తీసుకున్నారు. 226 కిలోమీటర్ల ఎత్తున ఉండవలసిన నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. ఇక్కడ కూడా రసవత్తరమైన ఘట్టం కొలతల తేడా కాదు. దారి తప్పుతున్నట్టుందని దారి చూసేవారికి ముందే అనుమానం వచ్చింది, చెప్పారు కూడా. కాకపోతే అనుమానం తెలియజేయడానికి ఏర్పాటు చేసిన ఫారంలో నింపి చెప్పలేదు. ఫారం లేనిదే ఆందోళన చెందరాదన్న నిబంధన అంగారకుడి వాతావరణానికి వర్తించదని తర్వాత తేలింది.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్న. ఏం కడుతున్నామో తెలియకముందే మొదలుపెట్టడం ఉత్తమం. సిడ్నీ ఆపెరా హౌస్ పనులు 1959లో ప్రారంభమయ్యేనాటికి ఆ ప్రసిద్ధమైన పైకప్పులు ఎలా నిలబెట్టాలో ఎవరికీ తేలలేదు. ఆలస్యం చేస్తే డబ్బూ జనం మద్దతూ చేజారుతాయన్న భయంతో పునాదులు వేసేశారు. పైకప్పు లెక్క తేలాక కింద స్తంభాలు ఆ బరువు మోయలేవని తెలిసి వాటిని మళ్ళీ కట్టారు. 70 లక్షల డాలర్లతో 1963కి పూర్తవుతుందన్నది, 10 కోట్ల 20 లక్షలతో 1973కి పూర్తయింది. రూపకర్త 1966లోనే తప్పుకుని వెళ్ళిపోయి, పూర్తయిన భవనాన్ని జన్మలో చూడలేదు. భవనం అద్భుతంగా ఉంటుంది, కాదనను. ఆ అద్భుతం వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, సెలవు దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ నాలుగేళ్ళుగా చేస్తున్న మేనేజరు కూడా ఆలస్యం గురించి అడిగితే సిడ్నీ పేరు చెబుతాడు.

బెర్లిన్ వారు ఇంకొక మెట్టు ఎక్కారు. కొత్త విమానాశ్రయానికి 2012 జూన్ 3న ప్రారంభోత్సవమని ముహూర్తం పెట్టి, నాలుగు వారాలైనా లేదనగా వాయిదా వేశారు. మంటలు చెలరేగితే పొగను బయటికి పంపే ఏర్పాటు పనిచేయడం లేదు. పైకి పోవడం పొగకు పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని కొంత భాగంలో కిందికి లాగి పంపాలని రూపకల్పన చేశారు. పొగ ఒప్పుకోలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత జర్మన్ భాషలో ఉందో లేదో గానీ, సోమలింగం మాత్రం 2020 అక్టోబరు 31న పుట్టాడు.

గడువు దాటుతున్నప్పుడు ఇంకో పదిమందిని చేర్చుకోవడం అనే మందు గురించి ఎక్కువ చెప్పను. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. కొత్తవాళ్ళకు పని నేర్పవలసింది అప్పటిదాకా పని చేస్తున్నవాళ్ళే. పైగా ఐదుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకునే జంటలు 10, పదిహేను మందయితే 105. ఆ 105 జంటలను సమన్వయం చేయడానికి ఇద్దరు సమన్వయకర్తలను వేసేసరికి, పల్లకీ ఎక్కేవాళ్ళు పెరిగి బోయీలు మాత్రం మొదటి ఐదుగురే మిగులుతారు.

ఇంత ఘనమైన సంప్రదాయానికి భంగం కలిగించే మేనేజర్లు అక్కడక్కడా ఉంటారు, వారి పట్ల అప్రమత్తంగా ఉండాలి. నేను ఒకామెను ఎరుగుదును. సమీక్షలో స్లయిడ్లు చూడనని, నేరుగా పనిచేసేవారి సీటు దగ్గరికి వెళ్ళి "ఏదీ, నడిపించి చూపించండి" అనేవారు. ఆగితే ఆగనీ అని నిలబడి చూసేవారు. మొదటిసారి ఎరుపు పెట్టిన అమ్మాయిని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఏ లక్షణం కనిపిస్తే పని ఆపేయాలో మొదటి నెలలోనే కాగితం మీద రాయించారు. రెండు నెలలు తిరిగేసరికి రిపోర్టంతా ఎర్రబారింది, అనుకున్న పనుల్లో సగం కొట్టేశారు, మిగిలిన సగం చెప్పిన తేదీకి పూర్తయింది. ఆ సంవత్సరం ఉత్తమ మేనేజరు పురస్కారం ఆమెకు రాలేదు. చివరి వారం ఆఫీసులోనే పడుకుని, తాను అంటించిన మంటను తానే ఆర్పిన పక్క విభాగం మేనేజరుకు వచ్చింది.

మా ప్రాజెక్టు సంగతి చెప్పలేదు కదూ. మూసేశారు. తర్వాత పాఠాలు నేర్చుకునే సమావేశం జరిగింది. ముందే ఎందుకు చెప్పలేదని పెద్దలు అడిగితే, ఆ కొత్త ఇంజినీరు కుర్రవాడు లాప్‌టాప్ తిప్పి, రంగు మార్చకముందటి తన మొదటి వారం రిపోర్టు చూపించాడు. అందులో ఎరుపు అలాగే ఉంది. మేనేజరు కళ్ళద్దాలు సవరించుకుని చూసి, ఇది పాత ఫార్మాట్ కదా బాబూ అన్నాడు. వైఫల్యానికి కారణం సమాచార లోపమని నమోదు చేశారు. ఇకమీదట రిపోర్టు వారానికి రెండుసార్లు పంపాలనీ, పసుపుకూ పచ్చకూ మధ్య లేతపచ్చ అనే నాలుగో రంగు ప్రవేశపెట్టాలనీ ఏకగ్రీవంగా తీర్మానించాం. నేనూ సంతకం పెట్టాను.